చల్లారని మిర్చి బండి

సాయంత్రం ఆరు గంటలు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే ముందు పలకరించేది మనుషులు కాదు, వాసన! కాగే నూనెలో శెనగపిండి వేగుతున్న వాసన. హాస్టల్ కుర్రాళ్లు, కోచింగ్ క్లాసు ముగించుకున్న అమ్మాయిలు, బడంగ్‌పేట్, మీర్‌పేట వైపు వెళ్లాల్సిన ఉద్యోగులు... అందరూ బండి చుట్టూ చేరిపోతారు. కుర్చీ ఉండదు. మెనూకార్డు అసలే ఉండదు. 'అన్నా, ఒక ప్లేటు మిర్చి... ఉల్లిగడ్డ ఎక్కువెయ్యి' అంటే చాలు.

సరిగ్గా ఇలాంటి తిండికే స్పెయిన్‌లో ఓ పేరుంది... తాపాస్. 'తాపా' అంటే స్పానిష్‌లో మూత. పూర్వం గ్లాసులో ఈగలు పడకుండా పైన ఓ రొట్టెముక్క పెట్టి ఇచ్చేవారని, అదే పోనుపోను చిరుతిండిగా మారిందని అక్కడ ఓ కథ చెబుతారు. గ్రనడా పట్టణంలో ఇప్పటికీ చాలాచోట్ల తాగడానికి ఏదైనా తీసుకుంటే చిన్న ప్లేటు ఉచితంగా వస్తుంది. ఒక చోట ఒక ప్లేటు, నిలబడే నాలుగు కబుర్లు, ఆ తర్వాత పక్క దుకాణం... అదీ పద్ధతి. మన దగ్గర తాపాస్ పేరు ఖరీదైన రెస్టరెంట్ల మెనూల్లో కనిపిస్తుందిగానీ, పుట్టింట్లో మాత్రం అది సామాన్యుల తిండే.

రుచుల్లోనూ చుట్టరికం ఉంది. స్పెయిన్‌లో పద్రోన్ అనే చిన్న పచ్చిమిరపకాయల్ని నూనెలో వేయించి, ఉప్పు చల్లి ఇస్తారు. కాదిజ్ తీరంలో శెనగపిండి కలిపిన పిండిలో చిన్న రొయ్యలు వేసి పలచని వడల్లా వేయిస్తారు. అసలు మిరపకాయ మనది కాదు, వాళ్లదీ కాదు. అమెరికా ఖండం నుంచి కొలంబస్ కాలంలో స్పెయిన్ చేరింది. మనకేమో పోర్చుగీసువారు తెచ్చిపెట్టారు!

నాలుగు స్టేషన్లు... నాలుగు ప్లేట్లు

తాపాస్ పద్ధతిలో తిరగాలంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న దారి చక్కగా సరిపోతుంది. మధ్యలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు. 2018 సెప్టెంబరు 24న ఈ మార్గంలో మెట్రో మొదలయ్యాక రాకపోకలు తేలికయ్యాయి.

తొలి ప్లేటు మిర్చి. గాటు పెట్టిన మిరపకాయలో వాము, చింతపండు ముద్ద కూరి, పిండిలో ముంచి వేస్తారు. కారం తట్టుకోగలిగితే కట్ మిర్చి అడగండి. ఒకసారి వేగినదాన్ని ముక్కలు కోసి మళ్లీ నూనెలో వేస్తారు, కరకరలాడిపోతుంది. రెండోది ఉల్లిగడ్డ కూరిన చోటా సమోసా. తోడుగా ఇరానీ చాయ్ ఉండాల్సిందే. ఎల్బీనగర్ వైపు వెళ్తే పునుగులు, గారెలు పలకరిస్తాయి. విజయవాడ రహదారి నగరంలోకి వచ్చేది ఇక్కడే కదా, నల్గొండ రుచులూ కోస్తా రుచులూ కలిసే కూడలి ఇది.

పిల్లలతో వెళ్లేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. నూనె నల్లగా మారిన బండి దగ్గర ఆగొద్దు. అప్పటికప్పుడు వేసి తీసేచోటే తినండి.

బడంగ్‌పేట్ పక్కనే ఉన్న బాలాపూర్‌లో 2025లో వినాయకుడి లడ్డూ వేలంలో 35 లక్షల రూపాయలు పలికింది. 1994లో తొలి వేలంలో దాని ధర 450 రూపాయలే! అంత ఖరీదైన లడ్డూ ఉన్నచోటే, జేబులో వంద నోటుతో ఇద్దరు స్నేహితులు సాయంత్రమంతా తిని తిరగొచ్చు.

ఆ సాయంత్రం

ఈ బండ్ల చుట్టూ ఓ గాయం కూడా ఉంది. 2013 ఫిబ్రవరి 21, రాత్రి ఏడు గంటల ప్రాంతం. ఇలాగే జనం మిర్చి తింటూ, బస్సు కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. 107 బస్టాపు దగ్గర ఒకటి, కొంచెం దూరంలో మిర్చి సెంటర్ ముందు మరొకటి... రెండు బాంబులు పేలాయి. 18 మంది ప్రాణాలు పోయాయి. వందమందికి పైగా గాయపడ్డారు. చదువుకోడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలూ వారిలో ఉన్నారు. అయిదుగురు దోషులకు 2016లో ప్రత్యేక కోర్టు విధించిన మరణశిక్షను 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు సమర్థించింది.

అంతకుముందు 2007 ఆగస్టు 25న కోఠిలోని గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో బాంబులు పేలిన రోజునే దిల్‌సుఖ్‌నగర్ వంతెన దగ్గర పేలని బాంబు దొరికింది. సాయంత్రం పూట పదిమంది కలిసి నిలబడి తినే చోట్లనే వెతికి మరీ దెబ్బకొట్టారు.

తీర్పు పోయినవాళ్లను తేలేదు. అయినా ఆ రోడ్డు ఖాళీ కాలేదు. ఈ రోజు అక్కడ పుస్తకాల సంచి భుజాన వేసుకుని నిలబడే కుర్రాళ్లలో చాలామంది అప్పటికి పసిపిల్లలు. పేపరు ప్లేట్లో నాలుగు మిర్చీలు. ఇద్దరి మధ్య పంపకం. 'ఇంకొకటి నువ్వు తీసుకో' అని ఒకరు, 'కాదు నువ్వే' అని మరొకరు. పక్కన పొయ్యి మీద నూనె కాగుతూనే ఉంటుంది.