చింతపండుతో తోమిన నాణెం

షికాగోలో ఆపా ఇంట్లో ఉన్న మూడు వారాల్లో నేనొక పెద్ద గల్తీ చేశాను. ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ రాసేస్తున్నాను.

భాంజా తన మొదటి తన్ఖా డబ్బుతో 1848 నాటి రాగి సెంటు ఒకటి కొన్నాడు. "మామూ, దేఖియే" అంటూ నా అరచేతిలో పెట్టాడు. మన పది రూపాయల బిళ్ల కన్నా పిసరు పెద్దది. బరువు దాదాపు 11 గ్రాములు. అచ్చమైన రాగి. ఒకవైపు జడ చుట్టుకున్న ఆడమనిషి తల, చుట్టూ 13 చుక్కలు. ఆమె పేరు లిబర్టీ, అంటే ఆజాదీ. రెండోవైపు ఆకుల దండ మధ్య దాని విలువ. అంతా బాగుంది గానీ, నాకు మకిలిగా కనిపించింది.

మర్నాడు వాడు డ్యూటీకి వెళ్లగానే చింతపండు, ఉప్పు తీశాను. ఈద్ ముందు అమ్మీ రాగి చెంబులు తోమే పద్ధతే. నాణెం తళతళలాడింది. ఖుషీగా టేబుల్ మీద పెట్టాను.

సాయంత్రం వాడు చూశాడు. కోప్పడలేదు. ఊరకే కుర్చీలో కూర్చుండిపోయాడు. కోప్పడినా బాగుండేది.

"కొత్తలో ఎర్రగానే ఉంటుంది మామూ. గాలి తగిలి ఏళ్ల మీద గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ రంగే దాని ఉమర్. తోమిన మెరుపుని తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు" అన్నాడు.

శర్మిందా అయిపోయి ఆ రాత్రి వాడి కితాబులు ముందేసుకున్నాను. తొలినాళ్లలో అచ్చులు చేత్తో చెక్కేవారట. అందుకే ఒకే ఏడాది నాణేల్లోనూ అంకెల ఎడం, ఆకుల తీరు మారుతుంటాయి. వాటిని చూసే ఏ అచ్చులో పడిందో పోల్చుకుంటారు. 1793లో వచ్చిన మొదటి సెంటు వెనక 15 వలయాల గొలుసు ఉండేది. 15 రాష్ట్రాల ఇత్తెహాద్‌కి గుర్తుగా వేశారు. ఆజాదీ పేరున్న నాణెం మీద జంజీరేమిటని తప్పుబట్టారు. ఆ ఏడాదే గొలుసు తీసేసి ఆకుల దండ వేశారు. నాణెం మీద జంజీరు పోయింది. మనుషుల గులామీ పోవడానికి 1865 దాకా పట్టింది.

అంటే భాంజా నాణెం గులామీ ఉన్న రోజుల్లోనే తిరిగింది. ఏయే చేతులు మారిందో, ఎవరి జేబులో అరిగిందో. ఆ గుర్తుల్నే నేను మకిలి అనుకున్నాను.

వచ్చేటప్పుడు వాడే దాన్ని నా చేతిలో పెట్టాడు. "మీ దగ్గరే ఉండనీయండి మామూ. తోమకండి, బస్."

ఇప్పుడది నా టేబుల్ సొరుగులో ఉంది. అంచుల దగ్గర కొంచెం మబ్బు పట్టింది. పాత రంగు మాత్రం రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. ఫోన్ చేసినప్పుడల్లా వాడు అడుగుతాడు, ఎలా ఉందని.

"ముసలిదవుతోంది బేటా, అల్‌హమ్దులిల్లాహ్" అంటాను.