కాఫీ పొడి వయసు

మైలాపూరులో కాపురం పెట్టిన నాటినుంచి మా ఇంటికి కాఫీ పొడి వారానికి పావుకిలో చొప్పునే వస్తుంది. పీబెర్రీ, ప్లాంటేషన్ ‘ఎ’ గింజలు సగం సగం, కొంచెం చికోరీ. మన కళ్ళ ముందే మర ఆడించి, వెచ్చవెచ్చగా పొట్లం కట్టి ఇస్తారు.

“నెలకు సరిపడా ఒకేసారి తెచ్చుకోకూడదా?” అంటారు ఇరుగుపొరుగు. వేయించిన గింజకు గాలే శత్రువండీ. పొడి చేస్తే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరిగి, కమ్మదనం త్వరగా పోతుంది. తేమ, వేడి కూడా తోడైతే చెప్పనక్కరలేదు. చెన్నై ఉక్క మనకు తెలియనిదా!

ఈ చిక్కు కాఫీకే కాదు. 1842లో లేత బంగారు వన్నె లాగర్ బీరు పుట్టింది నేటి చెక్ దేశపు పిల్సెన్‌లో. ఆ బీరుకు వెలుతురు సోకితే అందులోని హాప్స్ వల్ల దుర్వాసన పుడుతుంది. ఆకుపచ్చ సీసాకన్న గోధుమరంగు సీసా దాన్ని బాగా కాపాడుతుంది.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఏటా వేసవిలో వచ్చి రెండు కిలోల పొడి పట్టుకెళ్ళేది. కొన్నాళ్ళకే ఫోను: “అమ్మా, మనింటి వాసన రావటంలేదే!” ఇప్పుడు గాలి చొరని సంచుల్లో గింజలే ఇస్తున్నాం. తనే చిన్న మర కొనుక్కుని, ఏ పూటకాపూట ఆడించుకుంటోంది. పొడికన్న గింజ ఎక్కువ రోజులు ఆగుతుంది గాని, అదీ కలకాలం కాదు. దసరా నాటికి సంచులు ఖాళీ. ఆపైన ఫోనులో కాఫీ ఊసుండదు, మేమెప్పుడు వస్తామని తప్ప.