ఇసుకేగా అనుకుంటే...

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... సముద్రానికి ఎంతో దూరం. అలలంటే ఇక్కడి పిల్లల్లో చాలామందికి సినిమాల్లో చూసినవే! ఏడాదిలో ఎక్కువకాలం చిత్రావతిలో కనిపించేది ఇసుకే. పశువులు దాటతాయి, బండ్లు తిరుగుతాయి. కానీ ఆ ఏరు పుట్టింది కర్ణాటకలోని నంది కొండల్లో. ఎగువన కుండపోత కురిసి, దారిలోని చెరువులు మరువ పారితే చాలు... ఇక్కడ చినుకు పడకపోయినా నీళ్లు వచ్చిపడతాయి, సముద్రపు అలలా!

ఆ ఉధృతి ఎలా ఉంటుందో 2021 నవంబరు 19న తెలిసొచ్చింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నలుగురున్న కారు చిత్రావతి ప్రవాహంలో చిక్కుకుంది. కాపాడదామని జేసీబీతో వెళ్లిన ఆరుగురూ అక్కడే ఆగిపోయారు. చివరికి వైమానికదళ హెలికాప్టర్ వచ్చి పదిమందినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చింది.

వేగంగా పారే నీరు అడుగు లోతున్నా కారును తేల్చగలదు. రెండడుగులుంటే ఈడ్చుకుపోగలదు. అందుకే పెనుకొండ కోట చూడబోయేవాళ్లయినా, పెళ్లి పట్టుచీరలకు ధర్మవరం బయల్దేరినవాళ్లయినా వానల రోజుల్లో వంక పారుతుంటే ఇవతలే ఆగాలి. చీర రేపైనా కొనుక్కోవచ్చు!