అవ్వ దెబ్బకి కేసు లేదు, మా దెబ్బలకి ఉంది

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా గూడెం పాడేరు వైపు. పోయిన సంక్రాంతికి హాస్టళ్ళ నుంచి మేమంతా ఇళ్ళకి చేరాం. కాఫీ పళ్ళు తీసే రోజులు. ఒక రాత్రి ఒంటరిగా ఉండే మా అవ్వ ఇంట్లోకి ఒకడు దూరాడు. తలుపంటే ఏముంది, దగ్గరకి లాగిన తడికే. ఎండబెట్టిన కాఫీ గింజల మూట ఎత్తుతుంటే అవ్వకి మెలకువొచ్చింది. చేతికందిన రోకలితో వీపు మీద ఒక్కటేసింది. మూట అక్కడే పడేసి వాడు పరుగు.

అవ్వ కేకలకి మేం లేచి, గెడ్డ దగ్గర పట్టుకున్నాం. అక్కడితో ఆగుంటే ఈ పోస్టే లేదు. చింతచెట్టుకి కట్టేసి తెల్లారేదాకా వంతులేసుకుని కొట్టాం. దాహమంటే నీళ్ళివ్వలేదు. పక్క పంచాయతీ కుర్రాడే, మనోడే.

పొద్దున్న స్టేషన్‌లో అవ్వని ఎవరూ ఏమీ అనలేదు. కుర్రాడి చెయ్యి విరిగినందుకు మాలో ఇద్దరి మీద కేసు పడింది. దొంగని పట్టిస్తే మా మీదే కేసా అని మండిపోయాం.

తర్వాత లా చదువుతున్న మా అక్క కూర్చోబెట్టి చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్నవే. పొద్దుగూకాక, తెల్లారకముందు ఇల్లు ఛేదించి వచ్చినవాణ్ణి ఆపడానికి, వేరే దారి లేకపోతే, ప్రాణం పోయేంత దెబ్బ కూడా తప్పుకాదని 41 చెబుతుంది. ఛేదించడం అంటే తాళం పగలగొట్టడమే అనుకున్నాం. కాదట, మూసిన తలుపు తీసుకుని దొంగతనానికి లోపలికొచ్చినా అదే. అంటే మన తడిక కూడా చట్టం లెక్కలో తలుపే! ఇది విన్నాక అవ్వ తెగ నవ్వింది.

కానీ 37 ఇంకోటి చెబుతుంది: అవసరానికి మించి కొట్టకూడదు. 43 ప్రకారం సొత్తు తిరిగి చేతికొచ్చాక దానికోసం కొట్టే హక్కు అయిపోయినట్టే. మూట అవ్వ ఇంట్లోనే ఉంది, వాడు ఇల్లు దాటేశాడు. మరి చింతచెట్టు దగ్గర మేం ఏం కాపాడుకుంటున్నాం? భయంలో ఉన్న మనిషి దెబ్బని కోర్టులు త్రాసులో పెట్టి తూచవు. మాకు అప్పుడు భయం లేదు, కోపమే. కళ్ళముందు అలాంటి నేరం చేసినవాణ్ణి మనం పట్టుకోవచ్చు, కానీ ఆలస్యం చెయ్యకుండా, 6 గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. దారి ఎంత దూరమైనా కబురైతే పంపొచ్చు కదా. మేం పంపలేదు.

అక్క ఇంకో మాట కూడా అంది. 2018 ఫిబ్రవరిలో కేరళ అట్టపాడిలో తిండి దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ణి గుంపు కట్టేసి కొట్టి చంపింది. 2023లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. అప్పట్లో ఆ ఫొటో మేమంతా స్టేటస్ పెట్టుకున్నాం. "ఆ ఫొటోకి, మీ చింతచెట్టుకి తేడా ఏంట్రా?" అనడిగింది. ఎవరం నోరెత్తలేదు.

మావాడు ఒకడు కానిస్టేబుల్ అప్లికేషన్‌లో కేసులున్నాయా అనే గడి దగ్గర ఆగిపోయాడు. మొన్న సంతలో ఆ కుర్రాడు కనిపించాడు. కుడిచెయ్యి సరిగ్గా లేవట్లేదు, బస్తా ఎడమ భుజం మీదే మోస్తున్నాడు.