లక్డీకాపూల్‌లో కాగితం కందీలు

పోయిన దీపావళికి మా ఊళ్లో దండారి ఆడుతుంటే నేను అక్కడ లేను. మా తమ్మునికి జ్వరం తగ్గకపోతే హైదరాబాదు తీసుకపోయినం. లక్డీకాపూల్ దగ్గర పిల్లల ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాము. లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన అని అర్థమట. నేను ఎంత వెతికినా కట్టె వంతెన కనబడలేదు. సిమెంటు స్తంభాల మీద మెట్రో రైలు మాత్రం పోతుంటది.

దండారి తెలియని చెల్లెళ్ల కోసం చెప్తున్నాను. మేము గోండులం. దీపావళి పండుగకు గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకొని, ఒంటికి బూడిద పూసుకొని ఊరూరా తిరిగి ఆడుతరు. ఈ ఆటకే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మా తమ్ముడు మంచం మీద పండుకొని రోజూ "అక్కా, గుస్సాడీలు వచ్చి పోయిన్రా?" అని అడిగేవాడు.

ఒక సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. మా అవ్వకు తెలుగు సరిగ రాదు. ఆమె గోండిలో మాట్లాడితే వార్డులో అందరూ మా దిక్కే చూసేటోళ్లు. నేను "అవ్వా, ఇక్కడ గోండి మాట్లాడకు" అని కసిరిన. మా ఇంట్లో చదువుకున్నది నేనే. చీటీలు చదివేది నేనే. అందుకే నాకు అంత గర్వం. అప్పటి నుంచి అవ్వ మాట్లాడటమే తగ్గించింది.

పక్క మంచం పాప వాళ్ల తాత ధూల్‌పేటలో పతంగులు చేస్తడు. పండుగ ముందు రోజు కంక బద్దలు, ఎర్ర పతంగి కాగితం తెచ్చిండు. "చీనీ కందీలు చేద్దాం రా బేటీ" అన్నడు. వరండాలో కూర్చున్నం. కంకను పలుచగా చీరి, పచ్చతోలు పైకి ఉండేటట్టు వంచితే ఇరగదు. అది నాకు ముందే తెలుసు, మా బాపు తడకలు అల్లుతడు. ఆరు బద్దలు వంచి, కిందికి మీదికి రెండు చిన్న చుట్లకు దారంతో కట్టినం. గుమ్మడికాయ లాగ అయింది. మైదాపిండి జిగురుతో కాగితం ముక్కలు అంటించినం. పైన తెరిచి ఉంచాలి, లేకుంటే దీపం వేడికి కాగితం కాలుతది.

తాత నా చెయ్యి చూసి "దీన్ని మీ భాషల ఏమంటరు?" అని అడిగిండు. నేను తలకాయ వంచుకున్న. అవ్వ గోండిలో చెప్పింది. తాత ఆ మాట అనబోతే నోరు తిరగలేదు. మళ్లీ మళ్లీ అన్నడు. వారం రోజుల తర్వాత మా తమ్ముడు మొదటిసారి నవ్విండు. అవ్వ కూడా నవ్వింది.

వార్డులో దీపం పెట్టొద్దని నర్సమ్మ చెప్పింది. లోపల సెల్‌ఫోన్ లైటు పెట్టినం. పిల్లలందరి మొఖాలు ఎర్రగా మెరిసినయి.

మేము ఇంటికి వచ్చేసరికి దండారి అయిపోయింది. బస్సులో కాగితం చినిగింది గానీ కంక ఇరగలేదు. సెలవులయినంక సోషల్ టీచర్‌ను అడిగితే, చైనాలో కొత్త సంవత్సరం మొదటి పున్నమికి కందీళ్ల పండుగ చేస్తారని చెప్పింది.

ఈ గోడపత్రిక పక్కన వేలాడుతున్నది నేను మళ్లీ చేసినదే. నేర్చుకోవాలంటే ఆదివారం రండి, కంక చీరడం నేను చూపిస్తా.

పోయిన ఆదివారం అవ్వ హాస్టల్‌కు వచ్చింది. గేటు కాడ అందరి ముందర నేను గోండిలోనే మాట్లాడిన.

– 9వ తరగతి విద్యార్థిని