మా తాతది కాదు, మా పెదనాన్నది

ఈరోజు వరి గురించీ, రేట్ల గురించీ కాదు. నేను రాసిన ఒక తప్పు దిద్దుకోవడానికి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

పోయిన ఆగస్టు 15న ఇదే పేజీలో ఒక ఫొటో పెట్టాను. బొటనవేలంత లావున ఇత్తడి సీసా, ఖాకీ గుడ్డ బెల్టు, ఒక చివర ఇత్తడి బరువు కట్టిన తాడు. "మా తాత జర్మనీ యుద్ధంలో వాడిన తుపాకీ సామాను" అని రాశాను. మీలో చాలామంది దండాలు పెట్టారు. ఆ మాట తప్పండి.

అబద్ధం ఆడాలని ఆడలేదు. మా తాత 1914 యుద్ధానికి బస్రా దాకా వెళ్ళొచ్చాడని నాన్నమ్మ చెప్పేది. మిలిటరీ మాధవరం పేరు విన్నవాళ్ళకి తెలుసు, మా గోదావరి జిల్లా నుంచి రెండు యుద్ధాలకీ మనుషులు వెళ్ళారు. అందుకని ట్రంకు పెట్టెలో దొరికిన సామానంతా తాతదే అనుకున్నాం.

మొన్న యూరియా కోసం సొసైటీ దగ్గర నిలబడితే పక్కూరి రిటైర్డు హవల్దారు గారు కలిశారు. సర్వీసంతా ఆయుధాల రిపేరు పని చేసిన మనిషి. "తమ్ముడూ, నీ ఫొటో చూశాను. ఆ బెల్టు మొదటి యుద్ధం నాటిది కాదేమో అనిపిస్తోంది. ఓసారి ఇంటికి తీసుకురా" అన్నారు. సాయంత్రమే పట్టుకెళ్ళాను.

ముందు ఏది ఏమిటో చెప్పారు. ఇవన్నీ మనం త్రీనాట్‌త్రీ అనే లీ ఎన్‌ఫీల్డు రైఫిలు సామాను. సీసా నూనెకి. మూతకి లోపల చిన్న పుల్ల ఉంటుంది, దాంతో చుక్క చుక్కగా నూనె వెయ్యాలి. తాడు గొట్టం శుభ్రం చెయ్యడానికి. బరువున్న చివర గొట్టంలో జారవిడిచి, వెనక మడతలో నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డముక్క పెట్టి, అవతలి నుంచి లాగాలి. ఈ రెండూ రైఫిలు మడమలో చిన్న తలుపు వెనక దాచుకుంటారు. బెల్టు భుజానికి తగిలించుకోడానికి.

తర్వాత సీసా తిప్పి చూసి నా మొహం వంక చూశారు. "దీన్ని తోమావా?"

తోమానండి. ఫొటోలో మెరవాలని చింతపండు, బూడిద పెట్టి అరగంట తోమాను. అడుగున ఉండాల్సిన గుర్తులు సగం పోయాయి. సర్కారు సొమ్మని చెప్పే బాణం గుర్తు కొంచెం మిగిలింది. ఆ బాణం కింద ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే ఇండియా సర్కారుదని అర్థం అట. మా సీసాకి ఉందో లేదో ఇక చెప్పలేం. నూరేళ్ళ మకిలి వదిలిందని సంబరపడ్డాను గానీ, చదవాల్సిన అక్షరం కూడా వదిలింది.

బెల్టుని మాత్రం తోమలేదు. దాన్ని నేను ఇన్నేళ్ళూ మందు కొట్టే స్ప్రేయరుకి కట్టుకుని వాడాను, సిగ్గుపడుతూ చెప్తున్నా. దాని చివర్ల ఇత్తడి తొడుగులున్నాయి. ఆయన పొడిగుడ్డతో తుడిచి, సెల్లు లైటు పక్క నుంచి ఏటవాలుగా పట్టారు. పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దారు. అంకెలు తేలాయి: 1942.

మా తాత 1938లో పోయాడు.

నేను వెంటనే, "మరి ఈయన బొమ్మలో ఉన్న బాకు మీద 1907 అని ఉంది కదండీ, అది ఆ ఏడాదిదేనా?" అని గోడ మీద ఫొటో చూపించి మాట మార్చాను. దానికి ఆయన చెప్పింది మనలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. 1907 అనేది మోడలు పేరు. తయారైన నెల, ఏడాది దాని కింద చిన్న అంకెల్లో ఉంటాయి. 10, 17 అని ఉంటే 1917 అక్టోబరు. మన విత్తనాల లెక్కే ఇది. 7029 రకం విడుదలైంది 1982లో. అంతమాత్రాన మీ సంచిలో గింజలు 1982వి కావు కదా, లాటు తేదీ చూడాలి.

కిరీటం గుర్తుతో కూడా పొరపాటు జరుగుతుంది. కిరీటం కింద జి.ఆర్. అని ఉంటే జార్జి రాజు అని. కానీ అయిదో జార్జి 1910 నుంచి 1936 దాకా, ఆరో జార్జి 1936 చివర్నుంచి. ఆ రెండక్షరాలతో ఏ యుద్ధమో తేలదు. ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటే బెంగాల్లో ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీది. కిరీటం బదులు అశోకుడి సింహాలుంటే స్వాతంత్ర్యం తర్వాతది. నూనె సీసాలు పాతవి ఇత్తడివే, రెండో యుద్ధంలో ఇనుపవీ వచ్చాయి, ప్లాస్టిక్‌వీ వచ్చాయి. కాబట్టి ఇత్తడి అయినంత మాత్రాన మొదటి యుద్ధానిదే అనుకోకూడదు.

ఇంకోమాట కూడా చెప్పారు. "1942 అంటే ఆ బెల్టు అంతకుముందుది కాదు అని మాత్రమే. ఎవరు వేసుకున్నారో తేదీ చెప్పదు. సంతలో కొన్నది కూడా కావచ్చు" అని. అది చెప్పింది బెల్టు లోపలి వైపు. మడత విప్పితే సిరాతో రాసిన నంబరు, వెలిసిపోయి ఉంది. ఇంటికొచ్చి ట్రంకు పెట్టె అడుగున కాగితాలు తీశాను. నాన్నమ్మకి మిలిటరీ పోస్టాఫీసు నుంచి వచ్చిన ఖాళీ కవరు ఒకటుంది. వెనక అదే నంబరు. పక్కన మా పెదనాన్న పేరు.

మా పెదనాన్న గురించి ఊళ్ళో అందరూ అన్నది ఒకటే: ఇల్లొదిలి పారిపోయి మద్రాసులో హోటల్లో కప్పులు కడిగాడు, 1946లో తిరిగొచ్చాడు అని. ఆయనా కాదనలేదు. పెళ్ళి చేసుకోలేదు. చేను గట్టు మీద పాకలో ఉండేవాడు. ఆయన పోయేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. మేం పిల్లలం కూడా "హోటలు పెదనాన్న" అనేవాళ్ళం.

ఎందుకు దాచాడో నాకు తెలీదు. 1942 అంటే క్విట్ ఇండియా రోజులు. ఒకపక్క ఊళ్ళల్లో జనం జైళ్ళకి పోతుంటే, ఇంకోపక్క తెల్లోడి సైన్యంలో మనవాళ్ళు పాతిక లక్షల మందికి పైగా చేరారు. ఇంట్లో తిండి లేక చేరినవాడు వెనక్కొచ్చి ఏ మొహంతో చెప్పుకుంటాడు అనిపిస్తుంది.

ఒకటి మాత్రం ఇప్పుడు అర్థమైంది. మందు కొట్టడం అయ్యాక పెదనాన్న స్ప్రేయరు గొట్టం విప్పి, బరువు కట్టిన తాడు జారవిడిచి, గుడ్డ పెట్టి ఒక్క ఊపున లాగేవాడు. మధ్యలో ఆపేవాడు కాదు. తర్వాత గొట్టం కంటికి ఆనించి సూర్యుడి వైపు చూసేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆ పని హవల్దారు గారు నా ముందు చేసి చూపిస్తే నాకు మాట రాలేదు. అచ్చం అలాగే చేశారు.

అందుకని మీకు నా విన్నపం. మీ అటకల మీద ఇలాంటివి ఉంటే తూకానికి అమ్మెయ్యకండి, తోమకండి. పొడిగుడ్డతో తుడిచి, ప్రతి అక్షరానికీ ఫొటో తీసి, ఎవరిదన్నారో, ఎవరన్నారో కాగితం మీద రాసిపెట్టండి. తూటాలు కనపడితే ముట్టుకోవద్దు, పోలీసులకి చెప్పండి. పొడవాటి బాకు ఉన్నా స్టేషన్లో అడిగి తెలుసుకోండి.

పాత పోస్టు తీసెయ్యను. దాని కింద ఇది జతచేస్తున్నా. బెల్టుకి స్ప్రేయరు నుంచి సెలవిచ్చాను. పెద్దల పండక్కి మా ఇంట్లో ఇన్నేళ్ళూ తాతకే బట్టలు పెట్టేవాళ్ళం. ఈ సంక్రాంతికి పక్కనే ఇంకో పంచె పెడతాం.