చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పాత డెస్క్‌టాప్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. జనగామ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే మిత్రుడు బడి డెస్క్‌టాప్‌ను మోసుకొని అక్కడికి బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. ఎవరో దాత ఇచ్చిన యంత్రం అది. స్విచ్ వేసిన పది నిమిషాలకు గానీ పనికి రావడం లేదు. దగ్గరి పట్టణంలో చూపిస్తే ప్రాసెసర్ పాతబడింది, కొత్తది కొనుక్కోండి అని పంపేశారట. బడి దగ్గర అంత డబ్బు లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణాలు దాటుకుంటూ లోపలికి నడిస్తే రిపేరు కొట్లు వస్తాయి. మేం కూర్చున్న కొట్లో మనిషి మసలడానికి కూడా చోటు తక్కువే. గోడ పొడవునా విప్పిన మదర్‌బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు, డబ్బాల నిండా ర్యామ్ కార్డులు. మెకానిక్‌కు నలభై ఐదేళ్లుంటాయి. మా మిత్రుడు కవరు స్క్రూలు తీయబోతుంటే ఆపాడు. "ముందుగాల నడిపి చూడాలె సార్, విప్పుడు తర్వాత."

నడిపించాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. ప్రాసెసర్ వాడకం పదిహేను శాతం కూడా లేదు. మెమరీ దాదాపు నిండిపోయింది. డిస్క్ అన్న చోట మాత్రం 100 శాతం చూపిస్తూ ఎర్రగా ఉంది. "ప్రాసెసర్‌కేం కాలే సార్. అది ఖాళీగనే కూసుంది. హార్డ్‌డిస్కే గోసపడుతుంది" అన్నాడు. పట్టణంలో చెప్పిన రోగం ఒకటి, అసలు రోగం ఇంకొకటి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, యంత్రం లేచాక నిమిషం కూడా పట్టలేదు.

నేను అడక్కముందే పాడైపోయిన హార్డ్‌డిస్క్ ఒకటి మూత తీసి చేతికిచ్చాడు. అద్దంలా మెరిసే పళ్లెం, దాని మీద సన్నటి చెయ్యి. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా వాడిన రకంలో ఆ పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చెయ్యి కిందికి రావడానికి సగటున సగం చుట్టు. చెయ్యి అటూ ఇటూ జరగడానికి ఇంకో ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకన్లు. అన్నీ కలిపితే చెదురుమదురుగా ఉన్న ఫైళ్లను సెకనుకు సుమారు ఎనభైకి మించి అందుకోలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేలల్లో ఉండే అలాంటి చిన్న చిన్న ముక్కలే. హార్డ్‌డిస్క్ బదులు వేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఒక ముక్క అందడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు.

ర్యామ్ సంగతీ ఇక్కడే ముడిపడి ఉంది. బడి యంత్రంలో ఉన్నది 2 జీబీ. అది నిండగానే విండోస్ మిగిలినదాన్ని హార్డ్‌డిస్క్ మీదికి దించుతుంది, మళ్లీ కావాలంటే అక్కడి నుంచే ఎత్తుకోవాలి. అసలే అలసిన డిస్క్ మీద ఇది రెండో బరువు. అందుకే ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ కూడా పెంచుదామన్నాడు.

అప్పుడు కవరు తీశాడు. 2011 నాటి కోర్ ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, రెండు ర్యామ్ స్లాట్లు. ఆ స్లాట్లలోకి డీడీఆర్3 మాత్రమే వెళ్తుంది. డీడీఆర్4 గాటు వేరే చోట ఉంటుంది కాబట్టి పట్టదు. 4 జీబీ పాత కార్డులు రెండు డబ్బాలో వెతికి తీసి, అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాడు. ఆ బోర్డు మీది సాటా పోర్టు సెకనుకు 3 గిగాబిట్లదే, కొత్త ఎస్‌ఎస్‌డీ వేగంలో సగానికి మించి అందుకోలేదు. మరి దండగ కాదా అని అడిగాను. "పెద్ద సినిమా ఫైలు కాపీ కొట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తది సార్. మామూలు పనికి వెతుకులాట తగ్గితే చాలు" అన్నాడు. ఆ రోజు నేను విన్నవాటిలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. డబ్బా మీద పెద్దక్షరాలతో అచ్చేసే వేగం ఒకటి, మనం రోజూ ఎదురుచూసే వేగం వేరు.

హార్డ్‌డిస్క్ ఆరోగ్యం చూసే సాఫ్ట్‌వేర్ అప్పటికే హెచ్చరిక చూపిస్తోంది. అందుకని పిల్లల మార్కుల ఫైళ్లు ముందు వేరే డిస్క్‌లోకి ఎక్కించాకే మిగతా పని మొదలుపెట్టాడు. ఫ్యాన్‌లో దుమ్ము బ్లోయర్‌తో ఊదాడు, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాశాడు. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చాడు. అది అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, తేదీ తప్పితే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. వైరస్ పట్టిందని జనం పరుగెత్తుకొచ్చే కేసుల్లో కొన్ని ఇవేనట.

చిక్కల్లా ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇలాంటి ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. కంప్యూటర్ బాగానే ఉన్నా సాఫ్ట్‌వేర్ తలుపు మూసేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. బడికి బ్రౌజర్, టైపింగ్, స్ప్రెడ్‌షీట్ చాలు కాబట్టి లినక్స్ మింట్ వేయించుకున్నాం. అది ఉచితం, 4 జీబీ ర్యామ్‌తోనే హాయిగా నడుస్తుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులో ఉంది. మా పక్కనే కూర్చున్న డీటీపీ ఆపరేటర్‌కు మాత్రం ఈ దారి కుదరదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీదే ఆయన జీవనం. ఆ కంప్యూటర్‌లో విండోసే ఉంచి, ఇంటర్నెట్ తీగ తీసేసి వాడుకోమని మెకానిక్ సలహా ఇచ్చాడు.

సాయంత్రానికి బడి డెస్క్‌టాప్ అర నిమిషంలోపే లేచి నిలబడింది. ప్రాసెసర్ అదే, మదర్‌బోర్డు అదే.

ఎస్‌ఎస్‌డీ చడీచప్పుడు లేకుండా ఒక్కసారే పోవచ్చు, కాబట్టి ముఖ్యమైన ఫైళ్లకు ఇంకో కాపీ తప్పనిసరి. పాత కంప్యూటర్లను బడులకు ఇచ్చే దాతలకు నాదొక విన్నపం: ఇచ్చే ముందు ఒక ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ పెంచి ఇవ్వండి.